మూడువేల డ్రాగనూ ముసుగు పుంజూ

భీమవరం నుంచి వచ్చిన పెద్దవాళ్లకు బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో రెండే పనులు. పొద్దున్నే అగర చెరువు గట్టు మీద నడుస్తూ, తమలాగే పిల్లల దగ్గరికొచ్చిన తెలుగువాళ్లను ఆపి “మీ అమ్మాయిది ఏ సెక్టారండి?” అని అడగడం ఒకటి. సాయంత్రం పిల్లలు ఇంటికొచ్చేదాకా గడియారం చూడటం రెండోది. ఉన్న ఏడు సెక్టార్లలో ఎవరిది ఏదో మా నాన్నకు నెల తిరక్కుండానే కంఠతా వచ్చేసింది. వకీలు గుమాస్తాగా బతుకంతా గడిపిన మనిషి. చేతిలో కట్ట కాయితాలు లేకపోతే ఏమీ తోచదు.

ఆ శనివారం సాయంత్రం వాన మొదలైన పది నిమిషాలకే కరెంటు పోయింది. టీవీ లేదు, వైఫై లేదు. మా ఆయన బీరువా అడుగు నుంచి అట్టపెట్టె తీసి డైనింగు టేబులు మీద బోర్లించారు. అన్నీ యు-గి-ఓ కార్డులు. జపాన్‌లో కజుకి తకహాషి 1996లో మొదలెట్టిన బొమ్మల కథలో పాత్రలు ఆడే ఆట అది. 1999లో కొనామి కంపెనీ దాన్ని నిజం ఆటగా అచ్చువేసి అమ్మింది. నాకు తెలిసింది అంతవరకే. మిగతాది ఆ చీకట్లో, ఎమర్జెన్సీ లైటు వెలుగులో, మామా అల్లుళ్లు పోట్లాడుకుంటుంటే విన్నది. మా ఆయనది హిందూపురం. పిల్లనిచ్చిన మామను “మామా” అనేస్తారు. ఆ “గారు” లేకపోవడం నాన్నకు మొదట్లో గుచ్చుకుంది. ఇప్పుడు అలవాటైంది.

మామగారు: ఇదేంటండీ అల్లుడుగారూ, పేకముక్కలా? ఆసూ రాజూ ఏవీ కనపడవేం?

అల్లుడు: పేక కాదు మామా. ఒక్కో ముక్క ఒక్కో మాన్‌స్టర్. కింద రెండంకెలు చూడండి. ముందుది దాడి బలం, రెండోది కాపు బలం. ఇది బ్లూ-ఐస్ వైట్ డ్రాగన్. దాడి 3000, కాపు 2500.

మామగారు: ఈ బొచ్చుండ?

అల్లుడు: కురిబో. దాడి 300, కాపు 200.

మామగారు: అయితే మూడువేలదీ మూడొందలదీ తలపడితే మూడువేలది గెలుస్తుంది. తీసివేత వచ్చినవాడికి ఇంకేం కావాలండీ! దీనికోసం పెట్టె కట్టి ఇన్నేళ్లు దాచారా?

అల్లుడు: చిన్నప్పుడు మేమూ అట్లే అనుకున్నాం. హిందూపురంలో బడి ముందర అంగట్లో కొనేవాళ్లం. అన్నీ నకిలీవి. నియమాల కాయితం ఒక్కదాంట్లోనూ ఉండేది కాదు. కుస్తీవాళ్ల ట్రంప్ కార్డులు ఆడినట్టే ఆడేవాళ్లం. పెద్ద అంకె వచ్చినోడు చిన్న అంకె ముక్క లాక్కుంటాడు. 2022లో మాస్టర్ డ్యుయల్ అని దీన్నే ఫోనుల్లోకి తెచ్చినారు. అప్పుడు తెలిసింది, బడిలో అన్నేళ్లు ఆడింది అసలు ఈ ఆటే కాదని.

మామగారు: ఏం మారిందండి? అంకెలు అవే కదా.

అల్లుడు: ఆడదాం రాండి. ఒక్కొక్కరికి 8000 ప్రాణాలు. మీ చేతిలో ఐదు ముక్కలు.

నాన్న ముక్కలు అందుకున్న తీరు చూస్తే నవ్వొచ్చింది. రమ్మీ ఆడేవాళ్ల వేళ్లు దాగవు. ముక్కలు విసనకర్రలా విచ్చుకున్నాయి, జోకరు కోసం కళ్లు వెతికాయి.

మొదటి పాఠం త్వరగానే అయిపోయింది. దాడికి సిద్ధంగా ఉన్న మాన్‌స్టర్‌ని నిలువుగా పెడతారు, కాపు కాసేదాన్ని అడ్డంగా. నిలువుదీ నిలువుదీ తలపడితే చిన్న అంకెది చస్తుంది, తేడా ఎంతో అంత దాని యజమాని ప్రాణాల్లోంచి పోతుంది. 2500 వచ్చి 1900ను కొడితే 600 పోయినట్టు. సమానమైతే రెండూ చస్తాయి. అడ్డంగా ఉన్నదాన్ని కొడితే లెక్క వేరు. అది చచ్చినా యజమానికి నష్టం ఉండదు. దాని కాపు బలమే ఎక్కువైతే కొట్టినవాడికే తేడా తగులుతుంది. జెయింట్ సోల్జర్ ఆఫ్ స్టోన్ అని ఓ రాతిమనిషి. దాడి 1300, కాపు 2000. నాన్న 1900తో దాన్ని కొట్టి, తనే 100 పోగొట్టుకున్నారు.

మామగారు: గోడకు తల కొట్టుకుంటే గోడకేం పోయింది. సరే, బాగుంది. ఈసారి ఈ అస్థిపంజరాన్ని దించుతున్నా.

అల్లుడు: సమ్మన్డ్ స్కల్, 2500. పెద్దది కదా, దాన్ని దించాలంటే మీ మాన్‌స్టర్ ఒకదాన్ని బలివ్వాల.

మామగారు: 1900ని బలిచ్చా. మీ దగ్గర అడ్డంగా, బోర్లా పడుకున్నదుందే, దాన్ని కొడుతున్నా.

అల్లుడు: ముక్క తిప్పుతున్నా. మ్యాన్-ఈటర్ బగ్. కాపు బలం 600.

మామగారు: పురుగా! చచ్చింది.

అల్లుడు: చచ్చింది. మీ 2500ది కూడా చచ్చింది. ఈ పురుగు బోర్లా ఉన్నప్పుడు ఎవరైనా తిప్పితే, నేలమీదున్న ఒక మాన్‌స్టర్‌ని చంపుతుంది.

మామగారు: ఆగండాగండి. చచ్చినవాడు చంపడమేంటి? ఏ చట్టంలో ఉందండీ ఇది?

అల్లుడు: చట్టంలోనే ఉంది మామా. అదే చెప్తున్నా. మీరు “కొడుతున్నా” అన్నారు, లెక్క తేలింది, పురుగు చచ్చింది అనుకున్నారు కదా. అది ఒక్క క్షణం కాదు. ఆ మధ్యలో మెట్లున్నాయి. మొదట దాడి ప్రకటించడం. ఆ తర్వాత డ్యామేజ్ స్టెప్ అని వస్తుంది, అందులోనే ఐదు గడులు. మొదలు, లెక్కకు ముందు, లెక్క, లెక్క తర్వాత, ముగింపు. బోర్లా ముక్క రెండో గడిలో తిరగబడుతుంది. లెక్క గడిలో ఎవరు చావాల్నో తేలుతుంది. పురుగు శక్తి పనిచేసేది లెక్క తర్వాతి గడిలో. చచ్చిన ముక్కను శ్మశానానికి పంపేది ముగింపులో. చావు ఖాయమైంది గాని శవం లేవలేదు. ఆ సందులో కరిచింది.

నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకు ఏదైనా మనసుకు పడితే చేసే పని అది. అప్పటిదాకా పిల్లల తీసివేత లెక్కలా కనపడ్డది ఆయన సొంత వృత్తిలోకి వచ్చిపడింది.

మామగారు: అంటే తీర్పు చదివేశారు, డిక్రీ ఇంకా అమలు కాలేదు. ఇలా చెప్పకపోయారా ముందే! మా జీవితమంతా ఆ సందులోనే గడిచిందండి. తీర్పు వచ్చిన రోజున ఓడినవాడు ఏడవడు. మర్నాడు స్టే తెస్తాడు.

అల్లుడు: ఆ స్టే ఇదే. మీరు తీసిపారేసినారే, బొచ్చుండ, ఈ కురిబో. దీన్ని నేలమీద దించనక్కరలేదు. ఎదుటివాడి దెబ్బ లెక్కగట్టే గడిలో, చేతిలోంచి దీన్ని పారేస్తే ఆ పోరులో నాకు పడాల్సిన దెబ్బ సున్నా. మూడువేల డ్రాగన్ నేరుగా నామీదికొచ్చినా సున్నానే.

మామగారు: బాగానే ఉంది గానీ నా అభ్యంతరం అలాగే ఉందండి. మీరు చెప్పేదంతా చాటునుంచి కొట్టడమే. బలం ముక్క మీద అచ్చువేసి ఉంది. నేను అది చూసి, నమ్మి, దాడికి వచ్చాను. మీరు దాచిపెట్టిన దానితో కొట్టారు. మరి ఆ అంకె ఎందుకు వేసినట్టు? నన్ను మోసం చేయడానికా?

అల్లుడు: అంకె మాట ఇవ్వదు మామా, ఎర వేస్తుంది. ఇంకోటి చూడండి, హానెస్ట్ అని. పేరు నిజాయితీపరుడు. పని చూడండి. నా వెలుగు జాతి మాన్‌స్టర్ పోరులో ఉన్నప్పుడు డ్యామేజ్ స్టెప్‌లో దీన్ని చేతిలోంచి పారేస్తే, ఎదుటివాడి బలమంతా నా దానికి కలుస్తుంది. మీ డ్రాగన్ 3000, నాది వట్టి 1000. కలిస్తే నాది 4000. మీది చచ్చింది, మీకు 1000 దెబ్బ. మీరు 5000తో వచ్చింటే నాది 6000 అయ్యేది.

మామగారు: వాలి.

అల్లుడు: ఏమి?

మామగారు: వాలి వరమండీ. ఎదురుగా నిలబడ్డవాడి బలంలో సగం వాలికి వెళ్లిపోతుంది. మీవాడు మొత్తం లాక్కుంటున్నాడు, అంతే తేడా. అందుకే కదా రాముడంతటివాడు చెట్టు చాటున నిలబడాల్సి వచ్చింది.

అల్లుడు: మరి అది తప్పు కాదా? ఇంతకుముందే చాటునుంచి కొట్టడమే అని నన్ను తిట్టినారు.

మామగారు: తప్పో ఒప్పో ఇవాళ్టిక్కూడా తేలలేదు. పడిపోయిన వాలే స్వయంగా అడిగాడు, ఏ ధర్మం ప్రకారం కొట్టావని. ఆ వాదన మా బారు రూములో ఎన్ని మధ్యాహ్నాలు నడిచిందో!

ఇక్కడ నేను కల్పించుకున్నాను. అంకె పెద్దదైతే బలం పెద్దదనే నమ్మకం పేకాటలో కూడా ఎప్పుడూ లేదని చెప్పాను. ఇక్కడికి దగ్గర్లోనే మైసూరు. ముమ్మడి కృష్ణరాజ ఒడెయరుకు గంజిఫా ముక్కలంటే వల్లమాలిన ఇష్టం. ‘శ్రీతత్త్వనిధి’లో కౌతుకనిధి అనే భాగమే ఆటలకు కేటాయించారు. దశావతార గంజిఫాలో అవతారానికి 12 ముక్కల చొప్పున 120. అందులో సగం రంగుల్లో రాజూ మంత్రీ తర్వాత పది పెద్దది. మిగతా సగంలో ఒకటి పెద్దది, పది అన్నిటికన్నా చిన్నది. ఇద్దరూ మర్యాదగా విన్నారు, మళ్లీ పోట్లాటలో పడ్డారు.

మామగారు: ఇది నైపుణ్యమా, అదృష్టమా? నాకు అది తేల్చండి. 1968 నాటి లా రిపోర్టుల్లో ఉంది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ సికింద్రాబాదులో ఒక క్లబ్బు వాళ్లకీ నడిచిన కేసు. మూడు ముక్కలాట వట్టి అదృష్టం, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం అన్నారు సుప్రీంకోర్టు వారు. ఎందుకన్నారు? ఏ ముక్కలు పడిపోయాయో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి. మీ దాంట్లో ఎదుటివాడు బోర్లా పెట్టింది ఏదైనా కావచ్చు. గుర్తుపెట్టుకునేదేముంది? అది మూడు ముక్కలాటేనండి.

అల్లుడు: బోర్లా ముక్క మాట్లాడదు, దాన్ని పెట్టినోడు మాట్లాడతాడు. 800 మాన్‌స్టర్‌ని నిలువుగా, కొట్టండి అన్నట్టు వదిలేసి, వెనకాల ఒక ముక్క బోర్లా పెట్టినాడనుకోండి. అది పిలుపు. మిర్రర్ ఫోర్స్ అని ఒకటుంది. ఎదుటివాడు దాడి ప్రకటించగానే దాన్ని తిప్పితే, వాడివైపు నిలువుగా ఉన్నవన్నీ పోతాయి. అన్నీ! అందుకని గెలుస్తున్నా కదా అని చేతిలో ఉన్నవన్నీ నేలమీద దించేవాడు పచ్చి ఆటగాడు. రెండు దించి, మిగతావి దాచుకునేవాడు ఆడ్డం తెలిసినోడు. ఇంకో సంగతి, మిర్రర్ ఫోర్స్‌ని ప్రకటించినప్పుడే తిప్పాల. డ్యామేజ్ స్టెప్‌లోకి పోయినాక తిప్పుతానంటే కుదరదు. గడువు దాటింది.

మామగారు: లిమిటేషన్.

అల్లుడు: అదే.

మామగారు: ఇదంతా మాకు తెలియందేం కాదండి. సంక్రాంతికి మా దగ్గర బరిలో ముసుగు పందెం అని ఒకటి కడతారు. పుంజుని గుడ్డలో చుట్టి తెస్తారు. కాకా, డేగా, నెమలా, లోపల ఏముందో ఎదుటివాడికి తెలియదు. విప్పేది బరిలోనే. మీ బోర్లా ముక్క అదేగా. నేను పందెం కాసే రకం కాదు. 1960 నాటి జంతుహింస చట్టం, 1974 నాటి గేమింగ్ చట్టం రెండూ నా చేత్తో ఎన్ని పిటిషన్లలో రాశానో. కానీ చూడటం చూశాను. ఏ రోజు ఏ రంగు పుంజు ఏ రంగు మీద గెలుస్తుందో కుక్కుట శాస్త్రంలో రాసిపెట్టుంటుంది. అది చేత్తో పట్టుకుని తిరిగే పెద్దమనుషులుండేవారు.

అల్లుడు: అది పోకెమాన్ మామా! 1996 నుంచి ఉంది అది కూడా, ముక్కల ఆటగా. అందులో ఒక్కో జీవికి ఒక బలహీనత రాసుంటుంది. నిప్పు జాతిదాన్ని నీటి జాతిది కొడితే దెబ్బ రెట్టింపు.

మామగారు: తేడా ఏంటంటే మావాళ్లది శాస్త్రం తప్పినా పుస్తకాన్ని ఎవరూ తప్పుపట్టరు. సరే, అసలు మాటకు రండి. ముసుగు పందెంలోనైనా కట్టాలా వద్దా అన్నది ఇద్దరూ ఒప్పుకోవాలి. మీ దాంట్లో నా ముక్క మీదికి మీ డ్రాగన్ని మీ ఇష్టమొచ్చినట్టు తోలేస్తున్నారు. నాకు అడిగే హక్కు లేదా?

అల్లుడు: ఈ ఆటలో లేదు. కొట్టేవాడే లక్ష్యం ఎంచుకుంటాడు. కానీ ఈ ఆటలన్నిటికీ పెద్దన్న ఒకటుంది. మ్యాజిక్: ది గ్యాదరింగ్, 1993లో వచ్చింది. రిచర్డ్ గార్ఫీల్డ్ అని లెక్కల మనిషి తయారుచేసినాడు. అందులో తిరకాసుంది. నా జీవులు మీ జీవులను కొట్టలేవు, మీమీదికే వస్తాయి. దేన్ని ఏది అడ్డుకోవాల్నో మీరు చెప్తారు. నా ఒక్కదానికి మీవి మూడు అడ్డం పెట్టొచ్చు, అసలు అడ్డుకోకుండా దెబ్బ తినొచ్చు. ఇంకా, దాడికి పోయిన జీవిని అడ్డంగా తిప్పేయాల. మీ వంతులో అది నాకు కాపలా కాయలేదు.

మామగారు: దండంతా దాడికి పోతే కోటకు కాపలా ఉండదు. అదండీ యుద్ధమంటే. మీ జపాను దాంట్లో డ్రాగన్ కొట్టొచ్చి మళ్లీ గుమ్మంలోనే నిలబడుతోంది. దానికి ఆకలి లేదు, అలుపు లేదు. నేను 1993 దానికే ఓటేస్తా.

అల్లుడు: అందులో ఇద్దరూ జీవులను పేర్చుకుని గంటసేపు చూసుకుంటా కూర్చునే ఆటలు కూడా ఉంటాయి మామా. ఎవడు ముందు పోతే వాడికే నష్టం కాబట్టి ఎవడూ పోడు. యు-గి-ఓలో అట్లా కుదరదు. దించిన వంతులోనే కొట్టొచ్చు. అడ్డంగా ఉన్న గోడను కొట్టాల్నా వద్దా అని ప్రతి వంతూ తేల్చుకోవాల.

మామగారు: అయితే చెప్పండి. మీరు ఫోనులో ఆడతారు కదా. ఇలా గోడలు కట్టుకుని, ముసుగులు విప్పుకుని ఎన్ని వంతులు నడుస్తుంది ఒక ఆట?

మా ఆయన వెంటనే జవాబివ్వలేదు. అబద్ధం ఆడటం రాని మనిషి. నేను ఆ మొహం చూసి లైటు ఇటు జరిపాను.

అల్లుడు: ఇప్పుడు... చాలావరకు మూడు నాలుగు వంతులు. ఒక్కోసారి రెండే. పాత పద్ధతిలో వంతుకు ఒక్క మామూలు సమ్మన్, అంటే ఒక్కదాన్ని దించడమే. ఇప్పటి ముక్కల్లో ఒకదాని శక్తితో ఇంకోటి, దాంతో మరోటి, ప్రత్యేక సమ్మన్లకు లెక్కే లేదు. మొదటి వంతువాడు దాడి చేయకూడదు. అందుకని వాడు ఆ వంతంతా ఎదుటివాడు ఏ ముక్క ఆడినా రద్దుచేసే మాన్‌స్టర్లను పేర్చి పెట్టుకుంటాడు. రెండోవాడు దాన్ని పగలగొట్టగలిగితే ఆట ఉంది, లేకుంటే లేదు.

మామగారు: దేంతో పగలగొడతాడు? దాడితోనా?

అల్లుడు: కాదు. శక్తులతోనే. దాడి చివర్లో వస్తుంది, మిగిలిన 8000 లెక్క పూర్తిచేయడానికి.

మామగారు: అంటే పుంజు బరిలోకి రాకముందే కోసేస్తున్నారన్నమాట.

అల్లుడు: ...అట్లాంటిదే.

మామగారు: మరి ఇంతసేపూ నాకు ఐదు గడులంటూ పాఠం చెప్పారే! కేసు అడ్మిషన్ దశలోనే కొట్టేస్తుంటే సాక్షుల విచారణ ఎంత గొప్పగా ఉంటుందో వర్ణించడం దేనికండీ?

గట్టి దెబ్బే. నేనైతే అక్కడితో ఆట ముగిసిందనుకున్నా. ముక్కల ధర మాట కూడా నాన్న ఎత్తి ఉంటే ఇంకా గట్టిగా తగిలేది. అరుదుగా దొరికే ముక్కల కోసం జనం పెట్టే డబ్బు నేను కళ్లారా చూశాను. కూతురి సంసారం అనుకున్నారో ఏమో, ఎత్తలేదు. మా ఆయన ఖాళీ పెట్టె వైపు చూస్తూ ఉండిపోయారు. తర్వాత నిదానంగా అన్నారు.

అల్లుడు: మీరన్నది నిజం. అందుకే చానామంది వెనక్కి పోయి ఆడతారు. గోట్ ఫార్మాట్ అంటారు. 2005 నాటికి ఏ ముక్కలున్నాయో, అప్పటి నిషేధాల జాబితా ఏదో, అవే. ఆ తర్వాత వచ్చిన ముక్క ఒక్కటీ ముట్టుకోరు. అప్పట్లో దాడికి విలువుండేది. మీకిప్పుడు చూపించినవాటిలో పురుగు ఆనాటిదే. హానెస్ట్ తర్వాత వచ్చింది.

మామగారు: గోట్ అంటే మేక కదా?

అల్లుడు: స్కేప్‌గోట్ అనే ముక్క పేరు మీద పెట్టుకున్నారు. దాన్ని ఆడితే నాలుగు గొర్రెపిల్లలు వస్తాయి, దాడి సున్నా, కాపు సున్నా. అడ్డంగా నిలబడతాయి. పెద్ద మాన్‌స్టర్ వచ్చి ఒక్కోదాన్ని చంపుకుంటా పోవాల. ఒక్కటీ ఎదురు కొట్టదు. కానీ నాలుగు దాడులు వాటి మీదే ఖర్చవుతాయి.

మామగారు: పులిమేక!

అల్లుడు: మా ఊళ్లో గుడి అరుగు మీద గీసుండేది. మూడు పులులు, పదిహేను మేకలు.

మామగారు: మేక పులిని చంపినట్టు ఎక్కడైనా ఉందా? లేదు. చుట్టూ చేరి కదలకుండా కట్టేస్తుంది. చిన్నప్పుడు నేనెప్పుడూ మేకలే తీసుకునేవాణ్ని. పులి తీసుకున్నవాడు ఎంతసేపూ దూకుదామనే చూస్తాడు, వాడికి వేరే ఆలోచన రాదు. పంచండి ముక్కలు. ఆ పాతవే పంచండి.

వాన తగ్గింది గానీ కరెంటు రాలేదు. ఎదురు అపార్టుమెంటులో ఎవరో కొవ్వొత్తి పట్టుకుని బాల్కనీలోకి వచ్చి, సిల్క్ బోర్డు వైపు చూసి లోపలికెళ్లారు. నేను మజ్జిగ కలిపి తెచ్చేసరికి నాలుగో వంతు నడుస్తోంది. మా ఆయన వైపు డ్రాగన్ నిలువుగా ఉంది, పక్కన ఇంకో 1900. నాన్న ముందు ఒకే ఒక మాన్‌స్టర్, 800ది, నిలువుగా. దాని వెనకాల ఒక ముక్క బోర్లా. నాన్న మజ్జిగ గ్లాసు అందుకుని, ఆట సంగతే మర్చిపోయినట్టు, కరివేపాకు ఎక్కడ కొన్నావమ్మా అని నన్ను అడిగారు.

మా ఆయన ఆ 800ను చూశారు. బోర్లా ముక్కను చూశారు. నాన్న మొహం చూశారు. అక్కడ కరివేపాకు తప్ప ఏమీ కనపడలేదు.

అల్లుడు: డ్రాగన్‌తో దాన్ని కొడితే...

నాన్న చేయి గ్లాసు వదిలి బోర్లా ముక్క మీదికి వెళ్లింది.

మామగారు: కొడుతున్నా అన్నారా, కొడితే అన్నారా? ముందు అది చెప్పండి అల్లుడుగారూ. గడువు మాట ఉంది కదా, రాసుకోవాలి.

అల్లుడు: ...అనుకుంటున్నా మామా. ఇంకా అనలేదు.

మామగారు: తొందరేం లేదండి. వాయిదా తీసుకోండి.